డాలు పట్టిన మాంత్రికుడికి చేతుల లెక్క: సమగ్ర మార్గదర్శి

టేబుల్ చుట్టూ కూర్చుని తలో పాత్ర వేసి, పాచికలతో ఆడే డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌లో, డాలు, మంత్రం రెండూ ఉన్న క్యారెక్టర్‌ను రూల్సు పదే పదే అడిగేది ఒకటే: ఇప్పుడు నీ ఏ చెయ్యి ఖాళీగా ఉంది? ఒక చెయ్యి డాలుకు, ఒక చెయ్యి ఆయుధానికి పోతే మంత్రానికి మిగిలేది నోరు మాత్రమే. నోటితోనే పూర్తయ్యే మంత్రాలు చాలా తక్కువ.

నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో కొత్తగా డంజియన్స్ అండ్ డ్రాగన్స్ మొదలుపెట్టే బ్యాచుల్లో పంచాయితీ ఎక్కువగా నడిచేది దీని మీదే. ఒకరు పుస్తకం తీస్తారు, ఒకరు ఫోన్ తీస్తారు, ఫైట్ అక్కడే ఆగిపోతుంది. నిజానికి రూలు అంత కష్టమైనది కాదు, కాకపోతే పుస్తకంలో మూడు నాలుగు చోట్ల చెదిరి ఉంది. ఒక్క విషయం పట్టుకుంటే మిగతాదంతా సర్దుకుంటుంది. మీ టర్న్‌లో చేతుల ఇబ్బంది దాదాపు ఖర్చు లేకుండా తీరిపోతుంది. అసలు ఖర్చు ఎదుటివాడి టర్న్‌లో, అప్పటికప్పుడు బదులుగా చేసే రియాక్షన్ దగ్గర పడుతుంది. అందుకే టర్న్ మొదలైనప్పుడు చేతుల్లో ఏముందన్నది కాదు, టర్న్ ముగిసేసరికి ఏం మిగిలిందన్నది చూసుకుంటూ ఆడాలి.

ఇక్కడ చెప్పేది ప్రధానంగా ఐదో ఎడిషన్ గురించి. 2014 పుస్తకమే ఆధారం, 2024 పుస్తకంలో తేడా ఉన్నచోట చెబుతాను. పాత్‌ఫైండర్ అనే ఇలాంటి ఇంకో ఆట సంగతి చివర్లో వస్తుంది. షీల్డ్ అనే పేరుతో ఒక మంత్రం కూడా ఉంది కాబట్టి, గందరగోళం లేకుండా వస్తువును డాలు అనీ, మంత్రాన్ని షీల్డ్ మంత్రం అనీ రాస్తున్నాను.

మొదటి పని: డాలు పట్టే శిక్షణ ఉందో లేదో చూసుకోండి

డాలు ధర 10 బంగారు నాణేలు, బరువు 6 పౌండ్లు. ఏసీకి, అంటే దెబ్బ తగలాలంటే శత్రువు అందుకోవాల్సిన అంకెకు, +2 ఇస్తుంది. చేతికి తొడగడానికి ఒక యాక్షన్ (టర్న్‌లో దొరికే ముఖ్యమైన పని), తీయడానికి ఇంకో యాక్షన్ పడుతుంది. ఈ చివరి మాట గుర్తు పెట్టుకోండి: కత్తిలాగా డాలును ఫైట్ మధ్యలో చటుక్కున పక్కన పెట్టలేం.

క్యారెక్టర్ ఎంచుకునే క్లాసుల్లో (వృత్తుల్లో) క్లెరిక్, డ్రూయిడ్, పాలడిన్, రేంజర్, ఫైటర్, బార్బేరియన్, ఆర్టిఫిసర్‌లకు డాలు వచ్చు. విజర్డ్, సోర్సరర్‌లకు రాదు. బార్డ్, వార్లాక్‌లకు మామూలుగా రాదు గానీ, బార్డ్ కాలేజ్ ఆఫ్ వేలర్‌లో చేరితే, వార్లాక్ హెక్స్‌బ్లేడ్ అయితే వస్తుంది. శిక్షణ లేకుండా పట్టుకుంటే 2014 రూల్సు గట్టిగానే శిక్షిస్తాయి: బలం, చురుకుదనంతో ముడిపడ్డ ప్రతి రోల్‌కూ డిసడ్వాంటేజ్ (పాచిక రెండుసార్లు వేసి చిన్నది తీసుకోవడం), పైగా మంత్రాలు అసలే వేయలేరు. 2024లో డాలు వరకు దీన్ని మెత్తబరిచారు. శిక్షణ లేకపోతే +2 రాదు, అంతే.

ఇంత తంటా ఆ +2 కోసం అవసరమా అని కొందరు అడుగుతారు. లెక్క చూడండి. +5తో కొట్టే శత్రువుకు ఏసీ 16 మీద ఇరవై ముఖాల పాచికలో 11 పడితే చాలు, అంటే సగం దెబ్బలు తగులుతాయి. ఏసీ 18 అయితే 13 పడాలి, అంటే నూటికి 40. తగిలే ప్రతి అయిదు దెబ్బల్లో ఒకటి డాలు ఆపేసినట్టు. మంత్రాలకు రోజుకు ఇన్నని దొరికే స్లాట్ ఖర్చు లేదు, మంత్రం నిలబెట్టడానికి పెట్టే కాన్సంట్రేషన్ అక్కర్లేదు, రోజంతా పనిచేస్తుంది. మొదటి లెవెల్‌లో దీనికి సాటి వచ్చేది నాకైతే ఇంకోటి కనబడదు.

రెండో పని: మంత్రం కింద ఉన్న మూడక్షరాలు చదవండి

ప్రతి మంత్రం కింద వి, ఎస్, ఎం అనే అక్షరాల్లో ఒకటో రెండో మూడో ఉంటాయి. వి అంటే నోటితో పలకాలి. ఎస్ అంటే చేత్తో ముద్ర పట్టాలి, దానికి కనీసం ఒక చెయ్యి ఖాళీ కావాలి. ఎం అంటే ఏదో ఒక పదార్థం కావాలి: గబ్బిలం రెట్ట, గంధకం, మిజిల్టో కొమ్మ లాంటివి. ఆ పదార్థానికి ధర రాసి లేకపోతే, మంత్రంతో అది ఖర్చయిపోనిదైతే, దాని బదులు ఫోకస్ (దండం, పవిత్ర చిహ్నం లాంటి మంత్ర సాధనం) పట్టుకోవచ్చు.

ఇక్కడే అసలు మెలిక ఉంది. పదార్థాన్ని గానీ ఫోకస్‌ను గానీ పట్టుకున్న చేత్తోనే ముద్ర కూడా పట్టొచ్చు అని రూలు చెబుతుంది. కానీ ఆ సడలింపు ఎం ఉన్న మంత్రానికే. ఎం లేని మంత్రానికి చేతిలోని ఫోకస్ ఉత్త వస్తువు, ఆ చెయ్యి నిండినట్టే లెక్క. టేబుల్ దగ్గర ఇది సరిగ్గా ఇట్ల బయటపడుతుంది:

"అన్నా, డాలు మీదనే దేవుని గుర్తు ఉంది గదా. డాలు చెయ్యి ఊపి క్యూర్ వూండ్స్ ఏస్త."

"బ్లెస్ అయితే ఏసుకో తమ్మీ, నేనేమనను. క్యూర్ వూండ్స్‌ల ఎం ఏడుంది? వి, ఎస్ రెండే ఉన్నయి."

"అంటే పెద్ద మంత్రానికి చెయ్యి దొరుకుతది, చిన్న మంత్రానికి దొరకదా?"

"గంతే."

తమ్ముడి కోపంలో న్యాయం లేకపోలేదు, వినడానికి తలకిందులుగానే ఉంటుంది. కానీ అధికారిక సమాధానాల సంకలనమైన సేజ్ అడ్వైస్‌లో కూడా ఇదే ఉదాహరణతో ఇదే తీర్పు ఉంది: గద, గుర్తున్న డాలు పట్టిన క్లెరిక్ క్యూర్ వూండ్స్ వేయాలంటే గద గానీ డాలు గానీ పక్కన పెట్టాలి.

కాబట్టి ఆట మొదలుకాక ముందే క్యారెక్టర్ షీట్ తీసి, ఎస్ ఉండి ఎం లేని ప్రతి మంత్రం చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టండి. క్లెరిక్ షీట్ మీద క్యూర్ వూండ్స్, శాక్రెడ్ ఫ్లేమ్, గైడింగ్ బోల్ట్, స్పిరిచువల్ వెపన్, లెసర్ రిస్టొరేషన్ సున్నాల్లోకి వస్తాయి. బ్లెస్, షీల్డ్ ఆఫ్ ఫెయిత్, ఎయిడ్, హోల్డ్ పర్సన్, స్పిరిట్ గార్డియన్స్ డాలు మీది గుర్తుతో హాయిగా నడుస్తాయి. హీలింగ్ వర్డ్, కమాండ్‌లకు నోరు చాలు. ఈ మూడు గుంపులు కళ్లముందుంటే సగం పంచాయితీ తెగినట్టే.

మూడో పని: మీ క్లాసుకు తగిన ఫోకస్ ఎంచుకోండి

క్లెరిక్, పాలడిన్‌లది అందరికన్నా సుఖం. వీళ్ల పవిత్ర చిహ్నాన్ని చేత్తో పట్టుకోవచ్చు, కనబడేట్టు మెడలో వేసుకోవచ్చు, డాలు మీద వేయించుకోవచ్చు. మూడు రకాల్లో ఏదైనా 5 నాణేలే. మా వైపు కల్పించుకున్న ఆటల్లో డాలు మీద త్రిశూలమో, సూర్యుడో గీయించుకోవడం మామూలు. ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. శాక్రెడ్ ఫ్లేమ్‌తోనే రోజంతా గడిపే క్లెరిక్‌కు చేతిలో గద ఎందుకు? గుర్తున్న డాలు ఒక చేతిలో, రెండో చెయ్యి ఖాళీగా ఉంచుకుంటే షీట్‌లోని ప్రతి మంత్రమూ నడుస్తుంది. గదను నడుముకు వేలాడదీయండి. బొమ్మలో వీరుడిలా కనబడకపోవచ్చు, ఆట మాత్రం ఆగదు.

పాలడిన్‌కు ఇంత బాధ కూడా లేదు. సియరింగ్ స్మైట్, థండరస్ స్మైట్ లాంటివన్నీ నోటి మంత్రాలే. లే ఆన్ హ్యాండ్స్ మంత్రమే కాదు. డివైన్ స్మైట్ 2014లో మంత్రం కాదు, 2024లో మంత్రమైంది గానీ దానికీ వి మాత్రమే. కత్తి, డాలు వదలకుండా రోజు గడిచిపోయేట్టే ఆ క్లాసును కట్టారు.

విజర్డ్ దగ్గర లెక్క ఎదురు తిరుగుతుంది. ఎలాగోలా డాలు శిక్షణ సంపాదించిన విజర్డ్ ముందు చేసేది అందమైన మంత్రదండం కొనడం. దండం 10 నాణేలు, పదార్థాల సంచి 25. దండం చౌక, చూడ్డానికి బాగుంటుంది, కానీ డాలు ఉన్నవాడికి సంచే మేలు. ఎందుకంటే ఒక చేతిలో డాలు, ఇంకో చేతిలో దండం ఉంటే ఫైర్‌బాల్ వస్తుంది గానీ, ఎం లేని ఫైర్ బోల్ట్ రాదు, షీల్డ్ మంత్రం రాదు, ఎదుటివాడి మంత్రాన్ని ఆపే కౌంటర్‌స్పెల్ రాదు. సంచి నడుముకు ఉంటుంది. ఖాళీ చెయ్యి అవసరమైతే సంచిలోకి పోతుంది, లేకపోతే ముద్ర పడుతుంది. ఫైర్‌బాల్‌కీ అదే చెయ్యి, కౌంటర్‌స్పెల్‌కీ అదే. 2024 పుస్తకంలో లైట్లీ ఆర్మర్డ్ అనే ఫీట్ (అదనపు నైపుణ్యం) తేలిక కవచంతో పాటు డాలు శిక్షణ కూడా ఇస్తుంది కాబట్టి డాలు విజర్డ్‌లు ఇప్పుడు ఎక్కువయ్యారు. వాళ్లందరికీ నేను చెప్పేది ఒకటే: సంచి కొనండి.

డ్రూయిడ్ చెక్క కర్ర పట్టుకుంటే అదే ఫోకస్, అదే కొట్టే కర్ర. షిలేలీకి ఎం ఉంది కాబట్టి డాలుతో పాటు ఇబ్బంది లేదు. ఫేరీ ఫైర్ నోటి మంత్రం. థండర్‌వేవ్, క్యూర్ వూండ్స్ దగ్గర కర్ర వదలాలి. 2014లో డ్రూయిడ్ లోహపు డాలు పట్టడు, చెక్కదే పట్టుకోవాలి. 2024లో ఆ నిషేధం పోయింది.

వేలర్ బార్డ్‌కు వాద్యమే ఫోకస్. వీణో, సితారో పెట్టుకుని డాలు పట్టుకుంటానంటే డీఎం (ఆట నడిపేవాడు) నవ్వుతాడు. మన దగ్గర చిడతల రామాయణం ఆడేవాళ్ల చిడతలు ఉండనే ఉన్నాయి. ఒక్క చేత్తో ఆడించేవి, డాలు పక్కన బ్రహ్మాండంగా ఇముడుతాయి.

హెక్స్‌బ్లేడ్ వార్లాక్‌కు ఇంప్రూవ్డ్ ప్యాక్ట్ వెపన్ తీసుకుంటే ఆయుధమే ఫోకస్ అవుతుంది. హెక్స్, ఆర్మర్ ఆఫ్ అగాథిస్ నడుస్తాయి. కానీ అతని అన్నం ముద్ద ఎల్డ్రిచ్ బ్లాస్ట్, దానికి ఎం లేదు! రేంజర్‌కు 2014లో ఫోకస్ అనేదే లేదు, సంచి పెట్టుకోవాలి. ఆర్టిఫిసర్‌ది మాత్రం రాజభోగం. అతని ప్రతి మంత్రానికీ ఎం ఉన్నట్టే లెక్క, తను ఇన్ఫ్యూజ్ చేసిన (మంత్రశక్తి నింపిన) వస్తువే ఫోకస్. డాలునే ఇన్ఫ్యూజ్ చేస్తే డాలు చేత్తోనే అన్నీ వేసేస్తాడు.

రెండు క్లాసులు కలిపి ఆడేవాళ్లకు ఒక్క మాట: క్లెరిక్ చిహ్నం క్లెరిక్ మంత్రాలకే. ఆ డాలు మీది త్రిశూలం చూపించి విజర్డ్ ఫైర్‌బాల్ వేయలేరు.

నాలుగో పని: చేతుల కార్డు చేసుకోండి

పోస్టుకార్డంత అట్ట ముక్క తీసుకుని మధ్యలో గీత గీయండి. ఒక పక్క ఎడమ, ఇంకో పక్క కుడి. డాలు, గద, కర్ర, సంచి అని చిన్న చిన్న చీటీలు రాసుకుని, ఏ చేతిలో ఏముంటే ఆ గడిలో ఆ చీటీ పెట్టండి. పక్కన రెండు చింతగింజలు ఉంచుకోండి. ఒకటి ఆ టర్న్‌లో ఉచితంగా దొరికే వస్తువు కదలికకు, ఒకటి రియాక్షన్‌కు. వాడినప్పుడల్లా గింజ తీసి పక్కన పెట్టండి, మీ టర్న్ తిరిగి రాగానే రెండూ వెనక్కి వస్తాయి. చూడ్డానికి పిల్లలాటలా ఉంటుంది గానీ, "నేను గద లోపల పెట్టిన్నా లేదా" అన్న వాదన మళ్లీ పుట్టదు. ఆన్‌లైన్‌లో ఆడేవాళ్లు టోకెన్ పక్కన నోట్ రాసుకున్నా సరిపోతుంది.

ఉచిత కదలిక అంటే ఏంటంటే, ఒక టర్న్‌లో ఒకసారి ఒర నుంచి కత్తి తీయడమో, ఒరలో పెట్టడమో, అలాంటిదొకటి ఖర్చు లేకుండా చేయొచ్చు. రెండోది చేయాలంటే యాక్షన్ పోతుంది. 2024లో దీనికి తోడు అటాక్ యాక్షన్‌లో ప్రతి దెబ్బతో పాటు ఒక ఆయుధం తీయొచ్చు లేదా పెట్టొచ్చు.

ఐదో పని: ఒక టర్న్ నడిపి చూడండి

దేవరకొండ కోట మెట్ల మీద ఫైట్ అనుకుందాం. క్లెరిక్ ఎడమ చేతిలో గుర్తున్న డాలు, కుడి చేతిలో గద. ఫైటర్ రెండు మెట్లు కింద కుప్పకూలాడు.

క్లెరిక్ టర్న్. గదను నడుముకు తగిలిస్తుంది, ఉచిత కదలిక గింజ పోయింది. రెండు మెట్లు దిగి ఖాళీ చేత్తో క్యూర్ వూండ్స్ వేస్తుంది. ఫైటర్ లేచాడు. టర్న్ ముగిసేసరికి కుడి చెయ్యి ఖాళీ. పక్కనున్న దొంగ ఆమెను దాటి పరిగెడితే గదతో కొట్టే అవకాశం లేదు, ఉత్త పిడికిలితో గుద్దాలి. తర్వాతి టర్న్‌లో గద తీస్తుంది, కొడుతుంది. టర్న్ చివర గద చేతిలోనే ఉంటుంది.

చూశారా, ఆమె తన టర్న్‌లో పోగొట్టుకున్నది ఏమీ లేదు. వైద్యమూ అయింది, మరుసటి టర్న్‌లో దెబ్బా పడింది. పోయింది మధ్యలో ఒక ఆపర్చ్యునిటీ అటాక్ (దాటి పోయేవాడిని రియాక్షన్‌గా కొట్టే దెబ్బ) మాత్రమే.

కొందరు ఇంకో ఉపాయం పన్నుతారు: గదను కింద పడేసి, మంత్రం వేసి, ఉచిత కదలికతో మళ్లీ ఎత్తుకోవడం. వస్తువును వదిలేయడానికి చాలా టేబుళ్లలో ఖర్చు అడగరు కాబట్టి ఇది చెల్లుతుంది. నేను డీఎం కుర్చీలో ఉంటే కాదనను. కాకపోతే కోట మెట్ల మీద పడేసిన గద అక్కడే ఉంటుందన్న హామీ ఇవ్వను. ఒక మెట్టు, రెండు మెట్లు దొర్లి దొంగ కాళ్ల దగ్గర ఆగిందంటే అది కూడా ఆటే గదా.

రివివిఫై మాత్రం వేరుగా చూసుకోండి. దానికి 300 నాణేల విలువైన వజ్రాలు కావాలి, అవి ఖర్చయిపోతాయి కూడా. డాలు మీది గుర్తు వాటికి బదులు కాదు. వజ్రాలు తీయడానికి ఒక చెయ్యి ఖాళీ ఉండాలి, అదే చెయ్యి ముద్రకూ సరిపోతుంది. చచ్చిన నిమిషంలోపు వేయాల్సిన మంత్రం అది, అప్పుడు గద ఎక్కడ పెట్టాలని వెతుక్కోకండి.

ఆరో పని: రియాక్షన్ కోసం టర్న్ ముగించడం నేర్చుకోండి

అందరికన్నా ఎక్కువగా దెబ్బతినేది ఎల్డ్రిచ్ నైట్. మూడో లెవెల్‌లో ఫైటర్ కొన్ని విజర్డ్ మంత్రాలు నేర్చుకుంటాడు, మొదట రాసుకునేది షీల్డ్ మంత్రం. దెబ్బ తగిలిన క్షణంలో రియాక్షన్‌గా వేస్తే, అతని తర్వాతి టర్న్ మొదలయ్యేదాకా ఏసీకి +5. కానీ దానికి వి, ఎస్ రెండూ కావాలి. వాడి ఒక చేతిలో కత్తి, ఇంకో చేతిలో డాలు. మంత్రం షీట్ మీదే ఉండిపోతుంది.

అంకెల్లో పెట్టి చూద్దాం. చైన్ మెయిల్ ఏసీ 16, డాలుతో 18. శత్రువు 15 వేశాడు, +5 కలిపి 20. 18 మీద తగిలింది. చెయ్యి ఖాళీ ఉంటే షీల్డ్ మంత్రంతో ఏసీ 23 అయ్యేది, తప్పించుకునేవాడు. ఇంకా చిత్రం ఏంటంటే, వాడు డాలు అసలే తెచ్చుకోకుండా కత్తి ఒక్కటే పట్టుకుని ఉన్నా 16కు 5 కలిపి 21, ఆ దెబ్బ తగిలేది కాదు. డాలు పట్టుకున్నందుకే దెబ్బ తిన్నాడు.

అలాగని డాలు పారేయమనను. మూడో లెవెల్ ఎల్డ్రిచ్ నైట్‌కు ఉన్నవి రెండే స్లాట్లు. రోజులో రెండుసార్లు +5, మిగిలిన అన్ని దెబ్బలకూ +2, రెండూ కావాలంటే చెయ్యి ఖాళీ చేసుకునే పద్ధతి పట్టుకోవాలి. ఇక్కడ వస్తువు కదలిక గింజ పని చేయదని గుర్తుంచుకోండి. అది మీ టర్న్‌లోనే దొరుకుతుంది. శత్రువు కత్తి ఎత్తాక మీరు మీ కత్తి ఒరలో పెట్టడం కుదరదు.

2014 రూల్సులో ఇది ఒక టర్న్ విడిచి ఒక టర్న్ నడుస్తుంది. కత్తి చేతిలో ఉండి టర్న్ మొదలైతే, కొట్టి ఒరలో పెట్టండి. చెయ్యి ఖాళీ, షీల్డ్ మంత్రం సిద్ధం. తర్వాతి టర్న్ ఖాళీ చేత్తో మొదలవుతుంది, కత్తి తీసి కొట్టేసరికి గింజ అయిపోయింది, కత్తి చేతిలోనే మిగులుతుంది. అంటే రెండు రౌండ్లకొకసారి మంత్రం, రెండు రౌండ్లకొకసారి ఆపర్చ్యునిటీ అటాక్. 2024లో అయితే ఉచిత కదలికతో కత్తి తీసి, కొట్టిన దెబ్బతో పాటే ఒరలో పెట్టేయొచ్చు, ప్రతి టర్న్ చివరా చెయ్యి ఖాళీనే.

ఎల్డ్రిచ్ నైట్ దగ్గర ఇంకో దారి ఉంది, దాన్ని ఎందుకో మరిచిపోతారు. అతను కత్తితో బంధం కట్టుకుంటే, అదే లోకంలో ఎక్కడున్నా బోనస్ యాక్షన్‌తో (యాక్షన్ కాక దొరికే చిన్న పని) చేతిలోకి పిలుచుకోవచ్చు. కొట్టి, టర్న్ చివర కత్తిని వదిలేయండి. దెబ్బ వస్తే ఖాళీ చేత్తో షీల్డ్ మంత్రం వేసుకోండి. మీ టర్న్ రాగానే కత్తిని పిలవండి. మెట్ల మీద దొర్లి కొండ కిందికి పోయినా సరే, వచ్చి చేతిలో వాలుతుంది.

ఏ రౌండులో ఏది అట్టిపెట్టుకోవాలన్నది పరిస్థితిని బట్టి ఉంటుంది. మీ వెనక విజర్డ్ ఉండి, శత్రువు మిమ్మల్ని దాటి పోవాలని చూస్తుంటే కత్తి చేతిలో పెట్టుకునే టర్న్ ముగించండి. నలుగురు మీ ఒక్కరి మీదే పడ్డారా, చెయ్యి ఖాళీ చేయండి, పారిపోయేవాడెవడూ లేడు. ఎదుట మాంత్రికుడు ఉండి మీ దగ్గర కౌంటర్‌స్పెల్ ఉంటే ఆలోచనే వద్దు, ఒక చెయ్యి ఖాళీ ఉండి తీరాలి.

వార్ క్యాస్టర్ తీసుకోవాలా?

ఆయుధమూ డాలూ పట్టుకునే ముద్ర వేసే వీలు ఈ ఫీట్ ఇస్తుంది. పైన చెప్పిన చేతుల తిప్పలు చాలావరకు పోతాయి. దానితో పాటు ఆపర్చ్యునిటీ అటాక్ బదులు ఒక్కరినే తాకే మంత్రం వేయొచ్చు, కాన్సంట్రేషన్ నిలబెట్టుకునే సేవ్‌కు (తట్టుకునే రోల్‌కు) అడ్వాంటేజ్ వస్తుంది. +2 ఉన్నవాడికి డీసీ (అందుకోవాల్సిన అంకె) 10 సేవ్ నూటికి 65 సార్లు గట్టెక్కితే, అడ్వాంటేజ్‌తో దాదాపు 88 సార్లు గట్టెక్కుతుంది.

కత్తి, డాలు, షీల్డ్ మంత్రం మూడూ ఉన్నవాడు కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. ఖాళీ చెయ్యి, సంచి పద్ధతిలో ఆడే విజర్డ్ చేతుల కోసం తీసుకోనక్కర్లేదు, కాన్సంట్రేషన్ కోసం తీసుకుంటే అది వేరే సంగతి. పాలడిన్‌కు తొందరేమీ లేదు. ఒక్క జాగ్రత్త: ఇది ఎస్ ఇబ్బందినే తీరుస్తుంది, ఎం ఇబ్బందిని కాదు. కత్తి, డాలు పట్టిన ఎల్డ్రిచ్ నైట్ ఎం ఉన్న మంత్రం వేయాలంటే ఇప్పటికీ పదార్థం తీయడానికి ఒక చెయ్యి కావాలి. అక్కడ రూబీ ఆఫ్ ద వార్ మేజ్ అనే మామూలు రకం మంత్ర వస్తువు ఆదుకుంటుంది. ఆ కెంపును ఆయుధానికి అతికించి అట్యూన్ అయితే (దానితో ముడిపడితే) ఆయుధమే ఫోకస్.

మంత్ర వస్తువులు వేరే జాతి

ఫోకస్‌గా వాడే ఉత్త దండం వేరు, వాండ్ ఆఫ్ మ్యాజిక్ మిసైల్స్ లాంటి మంత్రదండం వేరు. రెండో రకం నుంచి మంత్రం వేసినప్పుడు, ఆ వస్తువు వర్ణనలో ప్రత్యేకంగా రాసి ఉంటే తప్ప వి, ఎస్, ఎం ఏవీ అక్కర్లేదు. ఒక చేతిలో డాలు, ఇంకో చేతిలో ఆ వాండ్, అంతే. చేతులు రెండూ నిండినా మంత్రం వస్తుంది.

యానిమేటెడ్ షీల్డ్ దొరికితే పండగే. బోనస్ యాక్షన్‌తో పలకగానే డాలు గాల్లోకి లేచి మీ దగ్గరే తేలుతూ కాపాడుతుంది, ఒక నిమిషం పాటు రెండు చేతులూ మీవే. ఫైట్ ఒక నిమిషం దాటడం ఎలాగూ అరుదు.

పాత్‌ఫైండర్ ఆడేవాళ్లకు

పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్‌లో చిక్కు చేతుల దగ్గర కాదు, యాక్షన్ల దగ్గర ఉంటుంది. డాలు ఊరికే పట్టుకుంటే ఏమీ రాదు. రైజ్ ఎ షీల్డ్ అని ఒక యాక్షన్ పెట్టి ఎత్తితేనే మీ తర్వాతి టర్న్ దాకా +2. టర్న్‌కు మూడు యాక్షన్లు, ఎక్కువ మంత్రాలకు రెండు. రెండు మంత్రానికి, ఒకటి డాలుకు పోతే లెక్క సరిపోయింది, కదలడానికి మాత్రం ఏమీ మిగలదు. 2019 పుస్తకంలో ముద్ర చేతిలో వస్తువు ఉన్నా పట్టొచ్చు, పదార్థానికే ఖాళీ చెయ్యి కావాలి.

వాండ్ వాడేవాళ్లకు ఇక్కడ బక్లర్ ఉంది. ముంజేతికి కట్టుకునే ఈ చిన్న డాలు +1 ఇస్తుంది. ఆ చేతిలో ఆయుధం కాని తేలికపాటి వస్తువు ఉన్నా దాన్ని ఎత్తొచ్చు. కాబట్టి బక్లర్ చేతిలోనే వాండ్, రెండో చెయ్యి పూర్తిగా ఖాళీ. షీల్డ్ అనే కాంట్రిప్ (స్లాట్ అక్కర్లేని చిన్న మంత్రం) కూడా ఉంది, ఒక యాక్షన్‌తో +1. అసలు డాలు ఎత్తినప్పుడు రెండూ కలవవు, ఒకే రకం బోనస్ కదా, పెద్దదే లెక్కకు వస్తుంది.

థామటర్జ్ క్లాస్ తీసుకునేవాళ్లు మాత్రం ఆగి ఆలోచించండి. గంట, అద్దం, దీపం లాంటి ఒక ఇంప్లిమెంట్ చేతిలో పట్టుకోవడమే ఆ క్లాసు ప్రాణం. ఇంకో చేతిలో ఒక చేతి ఆయుధం ఉంటేనే దెబ్బకు అదనపు బలం వస్తుంది. ఆయుధం తీసి డాలు పెట్టుకుంటే ఆ అదనపు బలం పోతుంది.

పాత డీ అండ్ డీ పుస్తకాలతో ఆడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు కాబట్టి రెండు మాటలు. 3.5 ఎడిషన్‌లో ముద్ర ఉన్న విజర్డ్ మంత్రం డాలుతో వేస్తే చెడిపోయే అవకాశం ఉంటుంది: బక్లర్‌కూ చిన్న డాలుకూ నూటికి 5, పెద్ద డాలుకు 15, టవర్ షీల్డ్‌కు ఏకంగా 50. క్లెరిక్ మంత్రాలకు ఆ బెడద లేదు. 2008 నాటి నాలుగో ఎడిషన్‌లో చిన్న డాలు +1 ఇస్తుంది, ఆ చేత్తో ఇంకో వస్తువు పట్టుకోనిస్తుంది. పెద్ద డాలు +2 ఇచ్చి ఆ చేతిని పూర్తిగా తినేస్తుంది.

డీఎం కుర్చీలో ఉన్నవాళ్లు ముందే తేల్చుకోవాల్సినవి

చేతిలో ఫోకస్ ఉంటే ఎం లేని మంత్రానికి కూడా ముద్ర పట్టనిస్తారా? నేనైతే పట్టనిస్తాను. దండం ఊపి ఫైర్‌బాల్ వేసినవాడు అదే దండం ఊపి ఫైర్ బోల్ట్ వేస్తే కొంపలేమీ అంటుకోవు. క్లెరిక్ ప్రతిసారి గద తీసి పెట్టే తతంగం తప్పుతుంది. కత్తి, మామూలు డాలు పట్టుకుని ఫోకస్ ఏదీ లేనివాడికి మాత్రం సడలింపు ఇవ్వను. అక్కడ వదిలేస్తే వార్ క్యాస్టర్ తీసుకున్న ప్లేయర్ మొహం మాడిపోతుంది, న్యాయంగానే. ఏది తేల్చినా క్యాంపెయిన్ మొదలుకాక ముందు చెప్పండి. ఫైటర్ చావుబతుకుల్లో ఉన్నప్పుడు తీర్పు చెబితే ఎటు చెప్పినా పక్షపాతంలాగే వినబడుతుంది.

ఇదే రూలు మీ దొంగలకూ, మీ మాంత్రికులకూ వర్తింపజేయండి. ఎదుటివాడు ఎడమ చేతిలో డాలు, కుడి చేతిలో దండం పట్టుకుని నిలబడ్డాడని చెబితే, శ్రద్ధగా వినే ప్లేయర్‌కు అందులోనే జవాబు దొరకాలి: కచ్చితమైన రూలు ప్రకారం వాడు కౌంటర్‌స్పెల్ వేయలేడు. బాటిల్ మాస్టర్ రకం ఫైటర్ డిసార్మింగ్ అటాక్‌తో వాడి దండం జారగొడితే ఆ చెయ్యి ఖాళీ అవుతుంది. సంచి లేని మాంత్రికుడికి ఫోకస్ మీద ఆధారపడ్డ ఎం మంత్రాలన్నీ ఆగిపోతాయి గానీ, కౌంటర్‌స్పెల్‌కు దారి తెరుచుకుంటుంది. ఆ దెబ్బ ఎప్పుడు కొట్టాలో ఫైటర్, విజర్డ్ ఇద్దరూ ముందే మాట్లాడుకోవాలి.